గ్లాసున్నర పాలు

మన గ్రామములలోని చిల్లర దుకాణములందు, అరటిగెల ప్రక్కనో సబ్బుల అర క్రిందనో, ఒక గాజుపెట్టె నేడు సాధారణముగా కనబడుచుండును. అందు ఊదారంగు కాగితము చుట్టుకొని వరుసగా ఉండు చాక్లెట్టును ఎరుగని బాలబాలికలు మీలో ఉండరు. దాని పేరు డెయిరీ మిల్కు. ఆ కాగితమును మీరు త్వరత్వరగా చింపి పారవేయుదురే గాని, దానిపై గల బొమ్మను నిదానించి చూచియుండరు. రెండు గ్లాసులనుండి పాలు జాలువారుచున్నట్లు ఆ బొమ్మలో చిత్రింపబడియుండును. ఒక గ్లాసు నిండుగా నుండును, రెండవది సగమే. ఇంగ్లండు దేశమున 1928వ సంవత్సరమున పుట్టిన ఈ గ్లాసున్నర పాల బొమ్మ నేటికిని చెరగలేదు.

చాక్లెట్టునకు ముఖ్యమైన పదార్థములు మూడు: కోకో గింజ, చక్కెర, పాలు. ఈ మూడింటిలో పాల సంగతి మాత్రమే ఆ బొమ్మ చెప్పుచున్నది. గింజ ఎచ్చట పండినదో, ఎవరు పండించిరో చెప్పదు. వస్తువును అమ్మువాడు దేనిని చూపును, దేనిని చూపడు అను విషయము తెలిసికొనదగినది. కావున ఈ చాక్లెట్టు కథను మొదటినుండి చూతము.

కోకో చెట్టు జన్మస్థానము దక్షిణ అమెరికా. మెక్సికో దేశమును పాలించిన అజ్‌టెక్కులు దాని గింజలను వేయించి, నూరి, నీటిలో కలిపి, నురుగు వచ్చునట్లు చిలికి త్రాగెడివారు. వారి పానీయములో చక్కెర లేదు. మిరపపొడి వేయుటయు కలదు. గింజలను నాణెములుగా చెలామణి చేసెడివారు కూడ. స్పెయిను దేశస్థులు ఆ దేశమును జయించిన పిమ్మట ఈ పానీయము ఐరోపాఖండమునకు చేరి, చక్కెరను కలుపుకొని, ధనవంతుల పానీయమయ్యెను. మూడువందల ఏండ్లు అది త్రాగు వస్తువుగనే ఉండెను. కొరికి తిను వస్తువు కాలేదు. 1828లో హాలెండు దేశస్థుడైన వాన్ హౌటెన్ గింజలోని కొవ్వును పిండి వేరుచేయు యంత్రమునకు హక్కు పొందెను. ఆ కొవ్వును మరల చాక్లెట్టు ముద్దకు చేర్చి, అచ్చులో పోసి, గట్టి బిళ్లగా చేసి 1847లో అమ్మినవారు ఇంగ్లండులోని బ్రిస్టలు నగరపు ఫ్రై కంపెనీవారు. దానికి పాలు చేర్చినది స్విట్జర్లాండు దేశస్థుడగు డేనియల్ పీటరు; అది 1875లో. పాలలో నీరు ఎక్కువ, చాక్లెట్టులో కొవ్వు ఎక్కువ. ఈ రెండును సులభముగా కలియవు. పీటరు ఏండ్ల తరబడి శ్రమించి పాలలోని నీటిని పోగొట్టి ఆ చిక్కును విడదీసెను.

ఇక మన కథానాయకుల సంగతి. 1824లో బర్మింగుహాము నగరమున బుల్ వీధిలో జాన్ కాడ్బరీ అను ఇరువదిరెండేండ్ల యువకుడొకడు టీ, కాఫీల అంగడి తెరచెను. దానితోపాటు కోకో గింజలను రోటిలో తాను స్వయముగా దంచి, ఆ పొడిని అమ్ముచుండెను. ఇతడు క్వేకరు. క్వేకర్లనగా క్రైస్తవులలో ఒక శాఖవారు. యుద్ధము కూడదనిరి, మద్యము కూడదనిరి, మనిషిని మనిషి కొని అమ్ముట మహాపాపమని చాటి, బానిస వ్యాపారమునకు వ్యతిరేకముగా అందరికంటె ముందు గొంతెత్తినవారిలో నిలిచిరి. ఆ కాలమున వారికి ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల ద్వారములు మూయబడియుండెను. అందుచేత వారిలో పెక్కుమంది వర్తకములోనికి దిగిరి. సారా మానిన పేదవాడు త్రాగుటకు మరియొక వేడి పానీయము ఉండవలెను గదా! జాన్ కాడ్బరీ కోకోను అట్టి పానీయముగా భావించెను.

ఆయన కుమారులు రిచర్డు, జార్జి 1861లో వ్యాపారమును చేపట్టునాటికి అది మునిగిపోవు స్థితిలో నుండెను. అప్పటి ఇంగ్లండులో కోకోపొడి యనగా కోకోకంటె పిండియే ఎక్కువ. బంగాళదుంప పిండి, సగ్గుబియ్యపు పిండి కలుపుట వర్తకులలో వాడుక. రంగుకొరకు ఇటుకపొడి కలిపినవారును లేకపోలేదు. (పాలలో నీళ్లు కలుపు విద్య మనవారికే వచ్చునని ఎవరైన చిన్నబుచ్చుకొనుచో, ఈ సంగతి చెప్పి ఓదార్చవచ్చును.) కాడ్బరీ సోదరులు హాలెండునుండి కొవ్వు పిండు యంత్రమును తెచ్చి, 1866లో ఏ కల్తీయు లేని కోకోపొడిని అంగడిలో పెట్టిరి. తమ సరకు సంపూర్ణముగా స్వచ్ఛమైనది, కనుకనే శ్రేష్ఠమైనదని వారు ప్రకటించిరి. వైద్యులకు నమూనాలు పంపిరి. అదే కాలమున ఇంగ్లండులో ఆహారపు కల్తీపై పెద్ద చర్చ సాగుచుండెను. 1872లోను, 1875లోను కల్తీని అరికట్టు చట్టములు వచ్చినవి. వారి ప్రకటనకు కాలము కలిసివచ్చినది. వ్యాపారము నిలదొక్కుకొన్నది.

స్వచ్ఛత అను మాటతో వారు బ్రతికిరి. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు, ముందు అవసరమగును.

1879లో సోదరులు నగరపు పొగనుండి తమ కర్మాగారమును నాలుగు మైళ్ల దూరమునగల పొలములలోనికి తరలించి, ఆ చోటికి బోర్న్‌విల్లు అని పేరిడిరి. పనివారికి ఆటస్థలములు, ఈతకొలనులు, తోటలు ఏర్పాటు చేసిరి. 1895నుండి ప్రతి యింటికి పెరడు గల ఇండ్లు కట్టించుటకు జార్జి పూనుకొనెను. ఆ గ్రామములో సారా దుకాణమునకు మాత్రము చోటు లేదు. ఆయన తాను పూర్వము నివసించిన వుడ్‌బ్రూకు అను భవనమును క్వేకర్ల విద్యాలయమునకు ఇచ్చెను. 1931లో రౌండు టేబులు సమావేశమునకు ఇంగ్లండు వెళ్లిన గాంధీమహాత్ముడు బర్మింగుహాము వచ్చినప్పుడు అచ్చటనే బస చేసెను. యజమాని యనగా కొరడా పట్టినవాడని లోకము తలచుచున్న ఆ దినములలో ఇట్టి కర్మాగారము వింతయే. దానిని చూచుటకు దూరదేశములనుండి జనులు వచ్చెడివారు.

అయినను పాల చాక్లెట్టులో స్విట్జర్లాండువారిదే పైచేయి. కాడ్బరీలు 1897లో పాలపొడి కలిపి ఒక బిళ్ల చేసిరి. అది గరుకుగా, పొడిపొడిగా నుండి ఎవరికిని రుచింపలేదు. జార్జి కుమారుడు, జార్జి కాడ్బరీ అను పేరుగలవాడే, ఈ పనిని చేపట్టెను. పాలపొడికి బదులు పచ్చిపాలనే తీసికొని, చక్కెరతో కాచి చిక్కబరచి, కోకో ముద్దను కలిపి, ఎండబెట్టి, ఆ పిమ్మట మెత్తగా నూరు పద్ధతిని కుదిర్చెను. మన ఇండ్లలో కోవా చేయునప్పుడు పాలు అడుగంటకుండ త్రిప్పుచు నీటినంతయు ఇగిర్చుట మీరు చూచియుందురు. పెద్ద ఎత్తున, యంత్రములతో, ఇంచుమించు అట్టి పనియే ఇది. ఇతర కంపెనీల బిళ్లలకంటె ఇందులో పాలు ఎక్కువ. 1905వ సంవత్సరము జూను మాసమున ఇది విక్రయమునకు వచ్చెను. దీనికి మొదట అనుకొన్న పేర్లలో డెయిరీ మెయిడ్ అనునది యొకటి, అనగా పాలపిల్ల. ఒక దుకాణదారుని కుమార్తె డెయిరీ మిల్కు అనిన బాగుండునని సూచించెనని చెప్పుకొందురు. తొలి కాగితము లేత ఊదారంగు. పదియేండ్లు గడువకముందే ఆ కంపెనీ వస్తువులన్నిటిలో ఇదియే ఎక్కువగా అమ్ముడుపోవుచుండెను.

పాలు ఇంగ్లండు పచ్చికబయళ్లవి. మరి గింజలో?

ఆఫ్రికాఖండపు పడమటి తీరమునకు దూరముగా, భూమధ్యరేఖవద్ద, సావో తోమే, ప్రిన్సిపె అను రెండు చిన్న దీవులు కలవు. ఆనాడవి పోర్చుగీసువారివి. కాడ్బరీలు కొనుచున్న గింజలలో దాదాపు సగము ఈ దీవులనుండియే వచ్చుచుండెను. అచ్చటి తోటలలో పనిచేయువారు పోర్చుగీసువారి ఏలుబడిలోనే యున్న ఆంగోలా దేశపు లోతట్టు ప్రాంతములనుండి తేబడినవారు. చట్టము ప్రకారము దాస్యము రద్దయి చాలకాలమైనది. కావున ఈ మనుష్యులు బానిసలు కారనియు, ఐదేండ్ల ఒడంబడికపై వచ్చిన కూలీలనియు కాగితములలో వ్రాయబడియుండెను. కాని ఆ ఒడంబడిక ఏమో వారికి తెలియదు. ఐదేండ్లు ముగిసిన పిదప ఇంటికి తిరిగివచ్చినవాడు ఇంచుమించు ఒక్కడును లేడు.

1901లో రిచర్డు కుమారుడైన విలియం కాడ్బరీ ఈ సంగతిని మొదట వినెను. అదే సంవత్సరమున సావో తోమేలో ఒక తోట అమ్మకమునకు సంబంధించిన పత్రమొకటి అతని కంటబడినది. అందు తోటకు చెందిన ఆస్తి లెక్కలో పశువులతోపాటు మనుష్యులును, వారి వెలయు చేర్చబడియుండెను. ముందు తరములవారు బానిస వ్యాపారముపై పోరాడిన వంశమున పుట్టినవానికి ఆ కాగితము ఎట్లుండునో మీరు ఊహింపవచ్చును.

అతడు ఊరకుండలేదు. 1903లో పోర్చుగలు రాజధానియగు లిస్బనునకు పోయి ప్రభుత్వమువారిని, తోటల యజమానులను కలిసికొనెను. సాక్ష్యము తెమ్మని వారనిరి. అంతట జోసెఫ్ బర్ట్ అను నాతనిని పోర్చుగీసు భాష నేర్పించి దీవులకు పంపిరి. బర్ట్ దీవులకు చేరినది 1905లో. అనగా డెయిరీ మిల్కు అంగళ్లలోనికి వచ్చిన సంవత్సరముననే. అతడు దీవులను, ఆంగోలాను చూచి, నివేదిక ఇచ్చుసరికి 1907 వచ్చినది. ఇంతలో హెన్రీ నెవిన్సన్ అను పత్రికారచయిత ఎవరి పంపును లేక, ఒక మాసపత్రిక తరఫున ఆ దారులను నడచి చూచి వచ్చి 1906లో గ్రంథము ప్రకటించెను. మనుష్యులను తోలుకొనివచ్చు బాటల వెంట, కాళ్లకు చేతులకు తగిలించు కొయ్యసంకెళ్లు చెట్లకు వ్రేలాడుచుండుట తాను కన్నులార చూచితినని అతడు వ్రాసెను. బర్ట్ చెప్పిన మాటయు తుదకు అదియే: పేరేదైనను అది దాస్యమే.

అన్నియు తెలిసినను కాడ్బరీలు ఆ గింజలను కొనుట మానలేదు. ఎందుకు? మనము కొనుచున్నంతవరకే మన మాటకు వారియొద్ద విలువ యుండును. మానితిమా, సరకు మరియొకరికి అమ్ముకొందురు, కూలీల స్థితి మారదు అని వారు వాదించిరి. బ్రిటిషు ప్రభుత్వపు విదేశాంగశాఖవారు కూడ తొందరపడవలదనిరి. వారి కారణము వేరు. దక్షిణ ఆఫ్రికా గనులకు కూలీలు పోర్చుగీసు రాజ్యమగు మొజాంబికునుండి వచ్చుచుండిరి. పోర్చుగలుతో తగవు వారికి ఇష్టము లేదు. ఈ వాదములో కొంత సత్యము లేకపోలేదు. కాని ఎనిమిదేండ్లు చిన్న కాలము కాదు. ఆ ఎనిమిదేండ్లును ఆ గింజలతోనే చాక్లెట్టు చేయబడినది, లాభము వచ్చినది.

1908 సెప్టెంబరు 26వ తేదీన లండనులోని స్టాండర్డు పత్రిక దీనిపై సంపాదకీయము వ్రాసెను. జార్జి కాడ్బరీకి డెయిలీ న్యూస్ అను సొంత పత్రిక యుండెను. అది దక్షిణ ఆఫ్రికా గనులలో చీనా కూలీల దురవస్థను తీవ్రముగా ఖండించియుండెను. అన్యుల కూలీల కొరకు కన్నీరు కార్చువారు తమ గింజల వెనుకనున్నవారిని చూడరా యని స్టాండర్డు ఎత్తిపొడిచెను. కాడ్బరీలు పరువునష్టపు దావా వేసిరి. 1909 మార్చిలో, అనగా దావా విచారణకు రాకముందే, వారును, ఫ్రై, రౌంట్రీ కంపెనీలవారును ఆ దీవుల గింజను కొనుట మానితిమని ప్రకటించిరి.

ఆ సంవత్సరాంతమున బర్మింగుహాములో విచారణ జరిగెను. పత్రిక పక్షమున వాదించినవాడు ఎడ్వర్డు కార్సన్. ఆనాటి గొప్ప న్యాయవాదులలో ఒకడు. మీ కోకో తయారగుటకై 1901నుండి 1908వరకు ఎందరు బానిసలు ప్రాణములు విడిచిరో ఎన్నడైన లెక్క వేసితిరా యని అతడు విలియం కాడ్బరీని అడిగెను. లేదనుట తప్ప విలియం వద్ద వేరు సమాధానము లేకపోయెను. జూరీవారు కాడ్బరీల పక్షముననే తీర్పు చెప్పిరి. వారు కపటులని పత్రిక వ్రాయుట తప్పేనని నిర్ణయించిరి. కాని వారికి ఇప్పించిన నష్టపరిహారము ఒక్క ఫార్దింగు. అది ఇంగ్లండు నాణెములలో చిన్నది. ఒక పెన్నీలో నాలుగవ వంతు. మన లెక్కలో చిల్లిగవ్వ యనవచ్చును. గెలిచినవాని చేతిలో చిల్లిగవ్వ పెట్టుటలో ఆ పండ్రెండుగురు ఏమి చెప్పదలచిరో వేరుగా వ్రాయనక్కరలేదు. విలియం మోసగాడని నేననుకొనను. ఆ కాలపు పెక్కుమంది వర్తకులకంటె అతడు ఎంతయో మేలు. ఇతరులు విననట్లు నటించిన మాటను అతడు విని, కదలెను. అయినను వినిన దినమునకు, మానిన దినమునకు నడుమ గడచిన కాలములో తోటలలో పడిపోయినవారి పేర్లు ఎచ్చటను లేవు.

దీవుల గింజ మానినచో చాక్లెట్టు ఎట్లు సాగినది? దానికి సమాధానము గోల్డుకోస్టులో నున్నది. నేటి ఘానా దేశమది. టెట్టే క్వార్షీ అను కమ్మరి 1879లో ఫెర్నాండో పో దీవినుండి కోకో గింజలను తెచ్చి తన చేలో నాటెను. అచ్చట పెద్దతోటల యజమానులు లేరు. చిన్న రైతులు తమ భూమిలో తాము పండించుకొని అమ్ముకొనిరి. 1911 నాటికి ప్రపంచములో ఎక్కువ కోకో పండించు దేశము అదియే. కాడ్బరీలు అచ్చట కొనుగోలు ప్రారంభించిరి. ఒక కమ్మరి తెచ్చిన గింజలే అంతటి పెద్ద కంపెనీని గడ్డెక్కించినవని చెప్పినను తప్పులేదు.

అటుపిమ్మట ఇరువది యేండ్లకు ప్రకటనల బొమ్మ పుట్టినది. 1928లో కంపెనీవారు అర్ధపౌను చాక్లెట్టులో గ్లాసున్నర పాలున్నవని గోడలపైనను, పత్రికలలోను చాటిరి. ఇది కల్ల కాదు. 227 గ్రాముల చాక్లెట్టునకు 426 మిల్లీలీటర్ల పాలు పట్టును. ఆ లెక్క ప్రకారము 20 గ్రాముల ముక్కకు వచ్చునవి సుమారు 38 మిల్లీలీటర్లు మాత్రమే. మీరు లెక్కవేసి చూచుకొనవచ్చును. బొమ్మ మాత్రము పెద్ద పలకపైనను, చిన్న ముక్కపైనను ఒక్కటే! ఈ చిక్కువలన కాబోలు, ఇంగ్లండులో 2010లో కాగితముపై గ్లాసున్నర యను మాటకు బదులు మిల్లీలీటర్ల లెక్కను అచ్చువేసిరి. బొమ్మను మాత్రము ఉంచుకొనిరి.

ఆ ప్రకటనలోని నేర్పును గమనింపుడు. అంతకుముందు చాక్లెట్టు చిరుతిండి. పిల్లవాడు అడిగిన తల్లి కోపపడు వస్తువు. పాల గ్లాసు చూపగానే అది బలమునిచ్చు ఆహారముగా మారినది. తల్లికి కావలసిన సాకు దొరకినది. చాక్లెట్టులో సగమునకు పైగా చక్కెరయే యుండును; ఆ చక్కెర బొమ్మలో లేదు. అమ్మువాడు అబద్ధమాడనక్కరలేదు, ఏ నిజము చూపవలెనో ఎంచుకొనిన చాలును. రెండవ ప్రపంచయుద్ధకాలమున పచ్చిపాలను చాక్లెట్టునకు వాడగూడదని ప్రభుత్వము ఉత్తరువు చేయగా డెయిరీ మిల్కు నిలిచిపోయెను. వెన్నతీసిన పాలపొడితో రేషను చాక్లెట్టు చేసి అమ్మిరి. 1942లో మొదలైన తీపివస్తువుల రేషను 1953 ఫిబ్రవరిలో గాని పూర్తిగా తొలగలేదు. ఆ దినమున ఇంగ్లండు పిల్లలు డబ్బాలలో దాచుకొన్న పెన్నీలతో అంగళ్లకు పరుగెత్తిరి.

మన దేశమునకు ఈ కంపెనీ స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, 1948లో, వచ్చెను. మొదట విదేశమునుండి చాక్లెట్టు తెచ్చి అమ్మిరి. తరువాత ఇచ్చటనే తయారుచేయ మొదలిడిరి. వారికి ఇచ్చట రెండు చిక్కులు. మొదటిది ఎండ. కోకో కొవ్వు సుమారు 34 డిగ్రీలవద్ద కరగును. నోటిలో పెట్టగానే కరగు ఆ హాయికి కారణమిదియే. మన రోహిణీకార్తె ఎండలో దుకాణములోనే కరగిపోవుటకును కారణమదియే. గాజుపెట్టెల చల్లదనము లేని రోజులలో వేసవిలో దీనిని అమ్ముట కష్టము.

రెండవది అంతకంటె పెద్దది. మనకు మిఠాయిల కొరత లేదు. పూతరేకులున్నవి, కాజాలున్నవి, అరిసెలున్నవి. పరీక్ష ప్యాసయినను, ఆడపిల్ల పుట్టినను, కొత్త బండి కొనినను నోరు తీపి చేసికొనుట మన ఆచారము. చాక్లెట్టుకు ఆ పంక్తిలో చోటు లేదు. అది చిన్నపిల్లల ఏడుపు మాన్పుటకు కొనునది. పెద్దవాడు బజారులో నిలిచి చాక్లెట్టు తినుటకు సిగ్గుపడెను. నేను ఉపాధ్యాయుడుగా చేరిన తొలిదినములలో పుట్టినరోజు వచ్చిన పిల్లవాడు తరగతిలో పిప్పరమెంటు బిళ్లలు పంచెడివాడు. పదవీవిరమణ చేయునాటికి పంచునది చాక్లెట్టయ్యెను, అదియు మొదట ఉపాధ్యాయుల గదికి వచ్చుచుండెను. ఈ మార్పు దానంతట వచ్చినది కాదు.

1994లో దూరదర్శనములో ఒక ప్రకటన వచ్చెను. క్రికెట్టు ఆటలో ఒక యువకుడు నూరు పరుగులకు చేరువలో నుండగా బంతిని గాలిలోనికి కొట్టును. చూపరులలో చాక్లెట్టు తినుచున్న యువతి గుండె బిగబట్టును. బంతి హద్దు దాటగానే ఆమె కావలివానిని తప్పించుకొని మైదానములోనికి పరుగెత్తి, సిగ్గు విడిచి నాట్యమాడును. పాల సంగతి లేదు, బలము సంగతి లేదు. పెద్దలును పిల్లలవలె సంతోషింపవచ్చునని మాత్రమే అందు చెప్పిరి. పిమ్మట కంపెనీవారు మిఠాయి పంక్తిలోనికే చేయి చాచి, ప్రతి శుభకార్యమునకు ముందు తీపి తినుడని చెప్పుచు ఆ తీపి స్థానమున తమ చాక్లెట్టును కూర్చుండబెట్టిరి. 2021లో అదే క్రికెట్టు ప్రకటనను తిరుగవేసి, ఈ మారు బ్యాటు పట్టినది యువతి, నాట్యమాడినది యువకుడు అయినట్లు తీసిరి. మన దేశము ఆ ఇరువదియేడేండ్లలో ఎంత నడచెనో ఈ రెండింటిని ప్రక్కప్రక్కన చూచినవారికి తెలియును.

నడుమ ఒక దెబ్బయు తగిలినది. 2003 అక్టోబరులో, పండుగల వేళ, ముంబయిలో కొన్ని డెయిరీ మిల్కు పలకలలో పురుగులు కనబడినవని మహారాష్ట్ర ఆహార, ఔషధ శాఖవారు ప్రకటించిరి. అమ్మకములు పడిపోయినవి. దుకాణములలో సరిగా నిలువచేయకపోవుటవలన ఇట్లయినదని కంపెనీవారు చెప్పినను, మాటలతో ప్రజలు తృప్తిపడలేదు. కాగితము మార్చి, గాలి చొరనట్లు అల్యూమినియము రేకుతో మూసిన క్రొత్త కవచమును 2004 ఆరంభమున తెచ్చిరి. అమితాబ్ బచ్చన్ చేత ప్రకటనలిప్పించిరి. స్వచ్ఛత యను మాటతో బ్రతికిన కంపెనీకి ఆ మాటయే ప్రాణమని అప్పుడు మరియొకసారి తెలిసెను. 2010లో అమెరికాకు చెందిన క్రాఫ్టు కంపెనీవారు కాడ్బరీని కొనిరి. నేడది మాండెలీజ్ అను సంస్థ చేతిలో నున్నది. ఆ సంస్థవారి పెద్ద కర్మాగారమొకటి మన శ్రీసిటీలో 2016నుండి పనిచేయుచున్నది.

గింజల మాట ఇంకను ముగియలేదు. ఇప్పుడు ప్రపంచపు కోకోలో సగమునకు పైగా ఐవరీకోస్టు, ఘానా దేశములదే. చికాగో విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన పరిశోధనాసంస్థ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారము, ఆ రెండు దేశముల కోకో పనిలో 15 లక్షల 60 వేలమంది బాలబాలికలు ఉన్నారు. వారు సావో తోమే బానిసలవంటివారు కారు; చాలమంది తమ తలిదండ్రుల చేలలో పనిచేయువారే. గింజకు వచ్చు ధర కూలివానిని పెట్టుకొనుటకు చాలక పిల్లవాని చేతికి కత్తి ఇచ్చు సంసారములవి. మీ ఈడు పిల్లలు వారు.

మన రాష్ట్రమునకును ఈ గింజతో సంబంధము కలదు. దేశములో కోకో ఎక్కువగా పండించుచున్నది ఆంధ్రప్రదేశే. ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి, కోనసీమ ప్రాంతములలో కొబ్బరిచెట్ల నీడన, ఆయిల్‌పామ్ తోటల నడుమ కోకో పెరుగుచున్నది. అది ఎండకు ఓర్వని చెట్టు. కాయలు కొమ్మల చివరలకు గాక మొద్దుకే, పనసకాయలవలె, అంటిపెట్టుకొని కాయును. కాయ పగులగొట్టిన తెల్లని గుజ్జులో ముప్పది, నలువది గింజలుండును. అప్పుడు వాటికి చాక్లెట్టు వాసన లేశమైనను ఉండదు. గింజలను గుజ్జుతోనే బుట్టలలోనో పెట్టెలలోనో పోసి, అరటాకులు కప్పి, నడుమ కలియబెట్టుచు ఐదారు దినములు పులియనిత్తురు. లోపల వేడి పుట్టి చేయి పెట్టలేనట్లుండును. చాక్లెట్టు రుచికి పునాది పడునది ఆ ఆరు దినములలోనే. పిమ్మట ఎంత పాలు పోసినను ఆ లోటు తీరదు. తరువాత ఎండలో ఆరబెట్టుదురు. కిలో ఎండుగింజకు సుమారు ఇరువదియైదు కాయలు పట్టును.

పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతినుటచేత 2024 డిసెంబరులో ప్రపంచ విపణిలో టన్ను కోకో వెల 12,000 డాలర్లు దాటినది. మన రైతులును మంచి ధర చూచిరి. 2025లో వెల పడిపోయెను. గోదావరి జిల్లాల రైతులు ఎండుగింజల బస్తాలు ఇంట పెట్టుకొని, కొనువారు లేరనియు, కొనినను అంతర్జాతీయ ధర ఇచ్చుట లేదనియు వీధులకెక్కిరి. ప్రభుత్వము నడుమ చేరి కొనుగోలుదారులతో మాటాడవలసి వచ్చెను.

కొనుగోలుదారుని మనిషి తోటకు వచ్చినప్పుడు బస్తానుండి గుప్పెడు గింజలు తీసి, ఒక్కొక్కదానిని నిలువున కోసి చూచును. లోపల గోధుమవర్ణముగా, పగుళ్లు బారి ఉన్నచో బాగుగా పులిసిన గింజ. రైతు ఎదుట నిలిచి ఆ కత్తివంకనే చూచుచుండును. ఊదారంగు కనబడినచో అది సరిగా పులియని గింజ; దానికి ధర తగ్గించుదురు.